అదృష్టం అంటే కనపడనిది: ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ నుంచి కొన్ని లెక్కలు

ఖరగ్‌పూర్‌లో పరీక్షల రోజు పొద్దున్న రెండు ఇళ్ళలో పెరుగు గిన్నె తీస్తారు. తెలుగు ఇంట్లో తల్లి పెరుగులో కాస్త పంచదార కలిపి పిల్లాడి నోట్లో పెడుతుంది. పక్క క్వార్టర్లో ఉన్న బెంగాలీ తల్లి అదే పెరుగుతో కూతురి నుదుట బొట్టు పెడుతుంది. ఆ ఇంట్లో ఆ రోజు గుడ్డు వండరు. గుడ్డు సున్నాలా ఉంటుంది కాబట్టి తింటే మార్కులూ సున్నాయేనని భయం. ఇద్దరు పిల్లలూ ఇంటి నుంచి బయల్దేరాక వాళ్ళను వెనక నుంచి ఎవరూ పిలవకూడదు. ఈ నియమం మాత్రం రెండు ఇళ్ళలోనూ ఒకటే.

ఈ నమ్మకాలు ఇలా పక్కపక్కన కనిపించడానికి కారణం రైల్వే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. పందొమ్మిదో శతాబ్దం చివరి ఏళ్ళలో ఖరగ్‌పూర్ జంక్షన్ అయింది, ఆ తర్వాత పెద్ద వర్క్‌షాపు వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పనికోసం తెలుగువారు వచ్చి స్థిరపడ్డారు. ఒక్కొక్కరూ తమ శకునాలనూ మూటలో కట్టుకునే వచ్చారు. సెప్టెంబరులో విశ్వకర్మ పూజకు యంత్రాలకు దండలు పడతాయి. దసరాకు తెలుగు ఇళ్ళలో ఆయుధ పూజ జరుగుతుంది. ఆటో ముందు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు వేలాడుతుంటాయి. ఆ ఆటోవాలా ఏ భాష మాట్లాడతాడో వాటిని చూసి చెప్పలేం.

పేరులోనే ఒక ప్రశ్న

'అదృష్టం' అనే మాటను విడదీసి చూడండి. దృష్టం అంటే కనిపించినది, అదృష్టం అంటే కనిపించనిది. ప్రాచీన వైశేషిక దర్శనంలో ఈ మాటను విచిత్రమైన చోట వాడారు. సూది అయస్కాంతం వైపు ఎందుకు కదులుతుంది? దానికి వైశేషిక సూత్రాలు ఇచ్చిన జవాబు 'అదృష్టం'. కారణం ఉంది, కానీ అది కంటికి కనపడదు అని దాని భావం. తరవాతి శతాబ్దాల్లో విజ్ఞాన శాస్త్రం ఆ కనపడని కారణాన్ని వెతికి, కొలిచి, దానికి అయస్కాంత క్షేత్రం అని పేరు పెట్టింది. అప్పటి నుంచి సూది కదలికలో అదృష్టం పాత్ర లేదు.

అదృష్టానికి సంబంధించిన ప్రతి నమ్మకాన్నీ ఇలాగే చూడవచ్చు. కనపడని కారణం ఏదో ఉందని మనిషి అనుకున్నాడు. అది నిజంగా ఉందా? ఉంటే దాన్ని ఎలా చూడాలి? లేకపోతే నమ్మకం ఎందుకు నిలిచింది?

ప్రపంచమంతా ఇదే తంతు

మనం 'దిష్టి' అనేది 'దృష్టి' నుంచి వచ్చిన మాటే. చూపుతో కీడు జరుగుతుందన్న భయం మనకొక్కరికే లేదు. తుర్కియేలో, గ్రీసులో నీలం రంగు గాజు కన్ను వేలాడదీస్తారు. చూపును చూపుతోనే అడ్డుకోవాలన్నది అక్కడి ఆలోచన. మన ఇంటి ముందు వేలాడే గుమ్మడికాయ మీద గీసిన కళ్ళు, మీసాలు చేసే పనీ అదే.

కొన్ని నమ్మకాలు కేవలం ఉచ్చారణ నుంచి పుట్టాయి. చైనా భాషలో నాలుగు అన్న మాట, చావు అన్న మాట ఒకేలా వినిపిస్తాయి. అందుకే చాలా భవనాల్లో నాలుగో అంతస్తుకు ఆ అంకె వేయరు. ఎనిమిది అన్న మాట సంపద పెరగడాన్ని గుర్తుచేస్తుంది. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ ఎనిమిదో నెల ఎనిమిదో తేదీ రాత్రి ఎనిమిది గంటలకు మొదలవడం యాదృచ్ఛికం కాదు.

కొన్ని నమ్మకాల పుట్టుక గురించి చెప్పే కథలు నమ్మకాలకన్నా కొత్తవి. ఇంగ్లీషు వాళ్ళు ఏదైనా మంచి మాట అన్నాక కర్రను ముట్టుకుంటారు. పూర్వం చెట్లలో దేవతలు ఉంటారని నమ్మేవాళ్ళు, అదే దీనికి మూలం అని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. దీనికి పాత ఆధారాలు లేవు. బ్రిటిష్ జానపద పరిశోధకుడు స్టీవ్ రౌడ్ మరో మూలం చూపించారు. పందొమ్మిదో శతాబ్దంలో పిల్లలు ఒక అంటుకునే ఆట ఆడేవారు, అందులో కర్ర ముట్టుకున్నవాడిని పట్టుకోకూడదు. ఈ అలవాటు బహుశా అక్కడి నుంచి వచ్చిందని ఆయన అంటారు. ఒక నమ్మకం వేల ఏళ్ళ నాటిదని ఎవరైనా అంటే, ఆధారం ఏమిటని అడగడం తప్పు కాదు.

రైల్వే ఊరివాళ్ళకు నచ్చే ఉదాహరణలు జపాన్‌లో ఉన్నాయి. హొక్కైదో ద్వీపంలో 'కోఫుకు' అనే చిన్న స్టేషన్ ఉండేది. ఆ మాటకు అర్థం సంతోషం. అదే లైన్లో 'ఐకోకు' అనే స్టేషన్ ఉండేది, ఆ పేరులో ప్రేమ అన్న అక్షరం ఉంది. 1970లలో ఐకోకు నుంచి కోఫుకుకు టికెట్ కొని దాచుకుంటే శుభమని దేశమంతా ఎగబడింది. టికెట్లు విపరీతంగా అమ్ముడుపోయాయి. అయినా 1987లో ఆ లైను మూతపడింది. అదృష్టం టికెట్లు ఆ లైనును కాపాడలేకపోయాయి.

ఇంకో ఉదాహరణ ఇసుక. పట్టాలు తడిసినా, నూనె పడినా చక్రం జారుతుంది. పొడి పట్టా మీద ఉక్కు చక్రానికి ఉండే ఘర్షణ గుణకం సుమారు 0.3. తడి, జిడ్డు కలిస్తే అది 0.1 దాకా పడిపోవచ్చు. అందుకే మన ఇంజన్లలో కూడా ఇసుక పెట్టెలు ఉంటాయి, జారినప్పుడు చక్రం ముందు ఇసుక పడుతుంది. జపాన్ భాషలో 'జారడం' అన్న మాటకు పరీక్ష తప్పడం అన్న అర్థమూ ఉంది. కొన్ని రైల్వే సంస్థలు ఈ ఇసుకను చిన్న సంచుల్లో కట్టి పరీక్ష రాసే పిల్లలకు ఇస్తున్నాయి. పట్టా మీద ఆ ఇసుక నిజంగా పనిచేస్తుంది. జేబులో ఏం చేస్తుందన్నది వేరే ప్రశ్న.

పావురాలు, పడవలు

1948లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఆకలితో ఉన్న పావురాలను పెట్టెల్లో ఉంచాడు. పావురం ఏం చేసినా, చేయకపోయినా, నిర్ణీత వ్యవధికి గింజలు వచ్చేలా ఏర్పాటు చేశాడు. ఎనిమిది పావురాల్లో ఆరు వింత అలవాట్లు చేసుకున్నాయి. ఒకటి గుండ్రంగా తిరిగేది. మరొకటి తలను పెట్టె మూలకు పొడిచేది. గింజ పడే ముందు యాదృచ్ఛికంగా చేసిన పనినే అవి పదేపదే చేస్తున్నాయని స్కిన్నర్ వివరించాడు. ఆ కదలికల్లో కొన్ని ఆహారం కోసం ఎదురుచూసే సహజ ప్రవర్తనలే అని తరవాతి పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. అయినా మూల ప్రశ్న నిలిచే ఉంది. ఒకదాని వెనక ఒకటి జరిగితే, మొదటిదే రెండోదానికి కారణమని మెదడు తొందరగా తీర్మానిస్తుంది.

ఈ తొందర వల్ల ఒక ఉపయోగం కూడా ఉంది. పొదలో చప్పుడైతే పాము అనుకుని గెంతినవాడు పదిసార్లు పొరపాటు పడ్డా పోయేదేం లేదు. గాలే అనుకున్నవాడు ఒక్కసారి పొరపాటు పడితే చాలు. అందుకే లేని సంబంధాన్ని చూడటం అనే తప్పు మనలో బాగా స్థిరపడింది.

అయితే అన్ని పనుల చుట్టూ నమ్మకాలు ఒకే మోతాదులో ఎందుకు ఉండవు? మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉన్నాడు. అక్కడివాళ్ళు లోపలి మడుగుల్లో చేపలు పట్టేటప్పుడు మంత్రాలేవీ చదవరు. అక్కడ ప్రమాదం లేదు, పనితనం ఉంటే చాలు. అదే మనుషులు బయటి సముద్రంలోకి వెళ్ళేటప్పుడు మాత్రం విస్తారంగా తంతులు జరుపుతారు. చేతిలో లేని ప్రమాదం ఎక్కడ ఉంటే అక్కడ మంత్రం ఉంటుందని ఆయన గమనించాడు.

రైల్వే పనికి ఇది బాగా సరిపోతుంది. టికెట్ కౌంటర్ గుమస్తా కన్నా, పొగమంచులో పట్టా వెంట నడిచే కీమన్‌కు, రాత్రి బండి నడిపే లోకో పైలట్‌కు ఇంటి నుంచి బయల్దేరే క్షణం బరువైనది. వాళ్ళ ఇళ్ళలో శకునం పట్టింపు ఎక్కువగా ఉంటే అది మూర్ఖత్వం కాదు, ప్రమాదం ఎక్కడుందో చూపే గుర్తు.

1024 కలాలు

ఒక చిన్న లెక్క చేద్దాం. 1024 మంది విద్యార్థుల దగ్గర ఒక్కొక్క 'లక్కీ' కలం ఉందనుకోండి. పది పరీక్షలు పెడదాం. ఒక్కో పరీక్షలో గెలుపు, ఓటమి బొమ్మా బొరుసులా సమానం. కలం ఏ పనీ చేయదు. మొదటి పరీక్షకు 512 మంది మిగులుతారు, రెండో దానికి 256, ఇలా సగం సగం అవుతూ పదో పరీక్ష తర్వాత సగటున ఒకరు మిగులుతారు. పదికి పది గెలిచిన ఆ ఒక్కరు తన కలం గురించి ఏం చెబుతారు? పదికి తొమ్మిది గెలిచినవాళ్ళు సగటున ఇంకో పదిమంది ఉంటారు. వాళ్ళూ కలాన్ని జాగ్రత్తగా దాచుకుంటారు.

మిగతా వెయ్యిమంది తమ కలం కథ ఎవరికీ చెప్పరు. ఓడిన కలం గురించి చెప్పడానికి ఏముంటుంది? మనకు వినపడేది ఆ పదకొండుమంది మాట మాత్రమే. ఐఐటీ ఉన్న ఊరు కాబట్టి ఖరగ్‌పూర్‌లో ఇలాంటి కలాల కథలకు కొదవ ఉండదు.

మరి నమ్మకం మనసుకు ధైర్యమిచ్చి, ఆ ధైర్యంతో పని బాగా జరగదా? 2010లో జర్మనీ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. 28 మంది విద్యార్థులకు గోల్ఫ్ బంతి ఇచ్చి పదిసార్లు గుంటలోకి కొట్టమన్నారు. 'ఇది అదృష్టం ఉన్న బంతి' అని చెప్పినవాళ్ళు సగటున 6.4 సార్లు, అలా చెప్పనివాళ్ళు 4.8 సార్లు సఫలమయ్యారు. ఈ ఫలితం పత్రికల్లో మారుమోగింది. 2014లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు మరింత ఎక్కువమందితో అదే ప్రయోగాన్ని మళ్ళీ చేశారు. తేడా కనిపించలేదు. మొదటి ఫలితం పత్రికల్లో వచ్చినంత జోరుగా రెండోది రాలేదు. ఇక్కడ కూడా మనకు గెలిచిన కలమే వినపడింది.

పరీక్ష ముందు భయం తగ్గడం మంచిదే. పెరుగు చెంచా వల్ల ఆ కుర్రాడికి ఇంట్లోవాళ్ళు తోడున్నారనిపిస్తే అది నిజమైన లాభం. కానీ ఆ లాభం తల్లి ఇచ్చింది. పెరుగు చేసిందేమీ లేదు.

'దీని వెనక సైన్స్ ఉంది' అంటే

ఈ మధ్య నమ్మకాలకు కొత్త రక్షణ దొరికింది. 'మన పెద్దలు ఊరికే చెప్పలేదు, దీని వెనక శాస్త్రీయ కారణం ఉంది' అనే సందేశాలు ఫోన్లలో తిరుగుతున్నాయి. వీటిని నమ్మకం కన్నా జాగ్రత్తగా పరీక్షించాలి, ఎందుకంటే ఇవి సైన్స్ పేరు వాడుకుంటున్నాయి.

ఖరగ్‌పూర్ నుంచి సొంత ఊరికి వెళ్ళే తెలుగువారు దారిలో సువర్ణరేఖ, వైతరణి, బ్రాహ్మణి, మహానది, వంశధార, నాగావళి దాటుతారు. వంతెన రాగానే కిటికీలోంచి నాణేలు నదిలో పడతాయి. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీదా ఇదే దృశ్యం. పూర్వం రాగి నాణేలు ఉండేవి, రాగి నీటిలోని సూక్ష్మజీవులను చంపుతుంది, అందుకే నదిలో నాణెం వేయమన్నారు అని ఫోను సందేశం చెబుతుంది.

ఇందులో సగం నిజం. రాగి పాత్రలో రాత్రంతా ఉంచిన నీటిలో హానికర బ్యాక్టీరియా చనిపోతుందని ప్రయోగాల్లో తేలింది. అయితే చెంబు వేరు, నది వేరు. 5 గ్రాముల రాగి నాణెం నీటిలో పడగానే పూర్తిగా కరిగిపోయిందనుకుందాం. ఇది జరగని పని, అయినా వాదన కోసం ఒప్పుకుందాం. లీటరుకు 0.1 మిల్లీగ్రాము రాగి చాలనుకుంటే, 5000 మిల్లీగ్రాములు 50 వేల లీటర్లకు, అంటే 50 ఘనపు మీటర్ల నీటికి సరిపోతాయి. సెకనుకు 500 ఘనపు మీటర్లు పారే నదిలో అంత నీరు సెకనులో పదో వంతులో వెళ్ళిపోతుంది. పైగా రాగి చెంబులో సూక్ష్మజీవులు చావడానికి గంటలు పడుతుంది. ఇక ఇప్పటి ఒక రూపాయి, రెండు రూపాయల నాణేలు స్టెయిన్‌లెస్ స్టీలువి. నీటిలో కరగకుండా ఉండాలనే ఆ లోహాన్ని వాడతారు.

నిమ్మకాయ, మిరపకాయల సందేశం ఇంకోటి. దారం ద్వారా ఆమ్లం, విటమిన్ సి, మిరప ఘాటు గాలిలో కలిసి పురుగులను తరుముతాయట. సిట్రిక్ ఆమ్లం, విటమిన్ సి మామూలు ఉష్ణోగ్రతలో ఆవిరి కావు. మిరప కారానికి కారణమైన క్యాప్సైసిన్ కూడా దాదాపు ఆవిరి కాదు. అందుకే పచ్చిమిర్చిని కోయకుండా వాసన చూస్తే కళ్ళు మండవు. నిమ్మతొక్కలోని నూనె ఆవిరవుతుంది, కొన్ని పురుగులకు అది పడదు. అయితే గుమ్మానికి వేలాడే ఒక్క కాయ నుంచి వచ్చేది అతి స్వల్పం. వేగంగా వెళ్ళే లారీ ముందు అది నిలవనే నిలవదు.

నదికి నమస్కారం పెట్టాలనుకునేవాడు పెట్టుకోవచ్చు. ఆ నమస్కారానికి రసాయన శాస్త్రం సాక్ష్యం అక్కర్లేదు. అబద్ధపు సాక్ష్యం అసలే అక్కర్లేదు.

ఎవరి శుభం, ఎవరికి దెబ్బ

వంతెన మీద మనుషులు పనిచేస్తుంటారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండిలోంచి ఏ వస్తువును వదిలినా, దానికి బండి వేగం ఉంటుంది. అది సెకనుకు దాదాపు 17 మీటర్లు. 600 గ్రాముల కొబ్బరికాయకు ఆ వేగంలో 80 జౌళ్ళకు పైగా శక్తి ఉంటుంది. నాలుగైదు అంతస్తుల మేడ మీద నుంచి, అంటే సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి, కొబ్బరికాయ నెత్తిన పడటంతో ఇది సమానం. ముంబయి దగ్గర వసయి ఖాడీ వంతెన మీద లోకల్ రైళ్ళలోంచి విసిరిన పూజా కొబ్బరికాయలు తగిలి మనుషులు గాయపడ్డారు. నాణెం తేలిక, అయినా అదే వేగంతో కంటికి తగిలితే కన్ను పోతుంది. పట్టాను కాపాడే ట్రాక్‌మన్‌కు మన అదృష్టం దెబ్బ కాకూడదు.

శకునం వల్ల కలిగే మరో దెబ్బ కంటికి కనపడదు. ఎదురొస్తే మంచిదని కొందరిని అన్నామంటే, ఎదురొస్తే చెడ్డదని మరికొందరిని అంటున్నట్టే. తెలుగు నేలలో ఆ రెండో జాబితాలో ముందుండేది భర్త పోయిన స్త్రీ. వితంతువుల పక్షాన కందుకూరి వీరేశలింగం పోరాడి, 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. రైల్వేలో ఉద్యోగి చనిపోతే భార్యకో, పిల్లలకో కారుణ్య నియామకం కింద ఉద్యోగం ఇస్తారు. రైల్వే కాలనీల్లో అలా పనిలో చేరిన ఎందరో స్త్రీలు రోజూ పొద్దున్నే డ్యూటీకి నడుస్తారు. వాళ్ళు ఎదురైనప్పుడు ఎవరైనా ఆగి, వెనక్కి తిరిగి, ఇంట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తే, ఆ తాగిన నీళ్ళ ఖరీదు ఆమె కడుతోంది. పిల్లాడికి శుభం జరగాలన్న ఆశ మంచిదే కావచ్చు, ఆ శుభానికి ఇంకొకరిని అశుభం చేయాల్సి వస్తే అది హానిలేని అలవాటు కాదు.

తాయెత్తులా ఉండి పనిచేసేది

2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బాహానగా బజార్ స్టేషన్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగింది. ఆ స్టేషన్ ఖరగ్‌పూర్ డివిజన్‌లోనిదే. మెయిన్ లైనుకు పచ్చ సిగ్నల్ ఉంది, పాయింటు మాత్రం లూప్ లైనుకు కలిసి ఉంది. బండి లూప్ లైన్లోకి వెళ్ళి ఆగివున్న గూడ్సును ఢీకొట్టింది. 290 మందికి పైగా చనిపోయారు. ఇలాంటి ప్రమాదాల తర్వాత 'రాత ఉంది', 'సీటు మార్చుకున్నాడు, బతికాడు' అన్న మాటలు వినిపిస్తాయి. దుఃఖంలో అవి సహజం. అయితే దర్యాప్తులో బయటపడ్డ కారణం సిగ్నల్ సర్క్యూట్లో చేసిన మార్పుల్లోని లోపాలు. అది కనపడని కారణమే, అంటే అక్షరాలా అదృష్టం. రాత అని వదిలేసి ఉంటే అది కనపడకుండానే ఉండేది. వైరింగ్ డ్రాయింగులు తీసి చూశారు కాబట్టి కనపడింది.

రైల్వే చరిత్రలో నిజంగా పనిచేసిన ఒక 'తాయెత్తు' ఉంది. ఒంటి లైన్ల మీద దశాబ్దాల పాటు డ్రైవర్ చేతికి ఒక ఉక్కు బంతి ఇచ్చేవారు. దాని పేరు టోకెన్. అది చేతిలో ఉంటేనే బండి ముందు స్టేషన్‌కు కదలాలి. చూడటానికి రక్షరేకుకూ దానికీ తేడా లేదు. కానీ రెండు స్టేషన్లలోని టోకెన్ యంత్రాలు విద్యుత్ తీగలతో కలిసి ఉంటాయి. రెండు వైపుల స్టేషన్ మాస్టర్ల సహకారం లేకుండా బంతి బయటికి రాదు. ఒకటి బయట ఉండగా రెండో బంతి ఏ యంత్రం నుంచీ రాదు. కాబట్టి ఆ సెక్షన్లో రెండు బండ్లు ఎదురెదురుగా ఉండలేవు. బంతిని నమ్మినా నమ్మకపోయినా ఆ యంత్రం అలాగే పనిచేస్తుంది.

తంతు విషయంలోనూ అంతే. సిగ్నల్ కనిపించగానే మన లోకో పైలట్, అసిస్టెంట్ చెయ్యి చాపి దాని రంగును పైకి చెబుతారు. జపాన్‌లో ఈ పద్ధతి ఇంకా విస్తారంగా ఉంది. తెలియనివాళ్ళు చూస్తే మంత్రం చదువుతున్నారనుకుంటారు. జపాన్ రైల్వే పరిశోధన సంస్థ దీన్ని ప్రయోగంలో పెట్టింది. ఏమీ చేయకుండా పనిచేసినప్పుడు వందకు 2.38 తప్పులు జరిగాయి. వేలు చూపి, పైకి చెప్పినప్పుడు అవి 0.38కి తగ్గాయి. కన్ను, చెయ్యి, నోరు, చెవి ఒకే విషయం మీద నిలవడం వల్ల పరధ్యానానికి చోటు తగ్గుతుంది. ఇక్కడ కారణం కనిపిస్తోంది, ఫలితం లెక్కకు దొరుకుతోంది.

కాబట్టి ఇంట్లో ఏదైనా నమ్మకం గురించి వాదన వస్తే మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ఓడిపోయినప్పుడు కూడా లెక్క రాశామా? దీనివల్ల ఎవరికైనా దెబ్బ తగులుతోందా? దీన్ని నమ్ముకుని చేయవలసిన తనిఖీ ఏదైనా మానేస్తున్నామా? మూడింటికీ భయం లేకుండా జవాబు చెప్పగలిగితే, పెరుగు చెంచా పిల్లాడి నోట్లో పెట్టండి. హాల్ టికెట్ సంచిలో ఉందో లేదో కూడా ఒకసారి చూడండి.